మిస్, మిస్సింగ్, మిస్ట్రెస్

హత్నూరలో మా చిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఒక ఫారం నింపుతున్నప్పుడు మొదలైన ఆలోచన ఇది. చిన్నమ్మ ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు హెల్పరు. ఆ పనికి కంపెనీ పెట్టిన పేరు హౌస్‌కీపింగ్. అంటే ఊడ్చడం, కడగడం, ఖాళీ డ్రమ్ములు జరపడం. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆమె చేసే పని అదే ఉంటుంది, ఫారం మాత్రం కొత్తది వస్తుంది. పేరుకు ముందు మూడు డబ్బాలు: మిస్టర్, మిసెస్, మిస్. కింద ఇంకో వరస: వివాహిత, అవివాహిత, వితంతువు, విడాకులు.

"గీ డబ్బాలల్ల నాదేదో చూసి టిక్కు పెట్టు బిడ్డా" అంది చిన్నమ్మ.

ఏది ఆమెది? పదహారేళ్ల కింద చిన్నాయన బొంబాయికి పనికి పోతున్నానని చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఉత్తరం లేదు, ఫోను లేదు, చనిపోయాడన్న కబురూ లేదు. విడాకులు లేవు. చిన్నమ్మ మెడలో పుస్తె ఉంది. రేషన్ కార్డు మీద ఇంటిపెద్ద ఆమే. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నేను పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఆ రాత్రి ఇంగ్లీషు నిఘంటువు తీశాను. వెతికింది 'మిస్'. కానీ కళ్లు పక్క మాటల మీదికి పోయాయి. మిస్, దాని దిగువన మిస్సింగ్, తర్వాత మిషన్, మిషనరీ, ఇంకాస్త కిందికి మిస్టేక్, మిస్టర్, మిస్ట్రెస్. అక్షరక్రమం వల్ల ఒక వాడలో పడ్డ ఇరుగుపొరుగు మాటలు ఇవి. అన్నీ చుట్టాలు కావు. 'తప్పిపోవడం' అనే మిస్ పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన క్రియ. మిస్సింగ్ దాని బిడ్డ. మిషన్, మిషనరీలు 'పంపు' అనే లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. మిస్టేక్ స్కాండినేవియా వైపు నుంచి వచ్చింది. పెళ్లికాని స్త్రీ పేరు ముందు పెట్టే మిస్ మాత్రం మిస్ట్రెస్ అనే మాటకు పొట్టి రూపం. మిసెస్ కూడా అంతే. మనం మిసెస్ అని పలికే మూడక్షరాల మధ్య పలకని 'ఆర్' ఒకటి ఎందుకుందో స్కూల్లో ఎవరూ చెప్పలేదు. అది మిస్ట్రెస్‌లోని 'ఆర్'.

మిస్ట్రెస్ అంటే మొదట యజమానురాలు. లాటిన్ 'మెజిస్టర్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో మాస్టర్ వచ్చాడు, అతనికి స్త్రీరూపంగా మిస్ట్రెస్ వచ్చింది. ఇంటిమీద, నౌకర్ల మీద, చదువు మీద, వృత్తి మీద అధికారం ఉన్న స్త్రీ ఆమె. కేంబ్రిడ్జ్ చరిత్రకారిణి ఏమీ ఎరిక్సన్ 2014లో అచ్చయిన వ్యాసంలో చూపించినదేమిటంటే, 18వ శతాబ్దపు ఇంగ్లండులో మిసెస్ అన్న మాటకు పెళ్లితో పని లేదు. సొంత వ్యాపారం నడిపే స్త్రీలు, పెద్ద ఇళ్లలో హౌస్‌కీపర్లు, పెళ్లయినా కాకపోయినా మిసెస్‌లే. అది హోదాకు గుర్తు. తర్వాతి కాలంలో ఆ హోదా జారిపోయి, మొగుడున్నాడా లేడా అన్న ఒక్క ప్రశ్నకు జవాబుగా మిగిలింది. ఆ పాత లెక్కన హౌస్‌కీపింగ్ చేసే మా చిన్నమ్మకు మిసెస్ ఎవరినీ అడక్కుండానే రావాలి!

ఈ జారుడులో ఒక క్రమం ఉంది. మాస్టర్ మాస్టర్‌గానే ఉన్నాడు, మిస్టర్ అయి ప్రతి మగవాడికీ అందాడు. మిస్ట్రెస్ మాత్రం మూడు ముక్కలైంది. పెళ్లయినవాళ్లకు మిసెస్, కానివాళ్లకు మిస్, పూర్తి మాటేమో 'ఉంపుడుగత్తె' దగ్గర ఆగింది. 17వ శతాబ్దంలో మిస్ అన్న మాటకు కూడా ఆ అర్థం ఉండేది. 'మేడమ్' సంగతీ అంతే, ఇంగ్లీషులో వేశ్యాగృహం నడిపే ఆమె కూడా మేడమే. రాబిన్ లేకాఫ్ 1970లలో మాస్టర్, మిస్ట్రెస్ జంటను పక్కపక్కన పెట్టి ఈ అసమానతను ఎత్తిచూపింది. 1975లో మ్యూరియల్ షుల్జ్ స్త్రీలను సూచించే మాటలు కాలక్రమంలో ఎలా నీచార్థంలోకి దిగజారతాయో ఒక పెద్ద వ్యాసమే రాసింది.

ఇంగ్లీషువాళ్ల గొడవ మనకెందుకు అనుకోవడానికి లేదు. మన 'సాని' మాట చూడండి. అది సంస్కృత 'స్వామిని' నుంచి వచ్చింది. అచ్చంగా మిస్ట్రెస్‌కు సమానార్థకం. కాకతీయుల కాలపు శాసనాల్లో సాని గౌరవ వాచకం. గుడులకు దానాలిచ్చిన స్త్రీల పేర్ల చివర కనిపిస్తుంది. ద్రాక్షారామం శాసనాల్లో 'సానిమున్నూరు' అనే గుడి స్త్రీల సముదాయం ఉంది. 1897లో కన్యాశుల్కం అచ్చయ్యేనాటికి అదే మాటకు వేశ్య అన్న అర్థం స్థిరపడిపోయింది. పాత గౌరవం రెండు సమాసాల్లో మాత్రం మిగిలింది: మంత్రసాని, దొరసాని. ఒకటి చేతిలో ఉన్న విద్య వల్ల, ఇంకోటి పక్కనున్న దొర వల్ల.

దొరసాని అనగానే తెలంగాణలో పెరిగినవాళ్లకు గడీ గుర్తుకొస్తుంది. నిజాం కాలపు గడీలో దొరసాని ఒక్కతే లేదు, ఆడబాప కూడా ఉంది. దొరసానితో పాటు అరణంగా వచ్చి, పెళ్లీ పిల్లలూ తనవి కాకుండా, పగలు చాకిరీకి రాత్రి దొరకు లొంగి బతికిన స్త్రీ ఆమె. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమా ఆమె కథే. ఇంగ్లీషు మిస్ట్రెస్‌కు ఉన్న రెండు అర్థాలూ, ఇంటి యజమానురాలు, యజమాని వాడుకునే స్త్రీ, మన గడీలో ఒకే కప్పు కింద రెండు శరీరాలుగా బతికాయి. భాష అక్కడ రెండు మాటలు వాడింది కాబట్టి మనకు ఆ ఇద్దరి మధ్య సంబంధం కనిపించలేదు. దొరసాని గౌరవం ఆడబాప మీదే నిలబడిందనీ, దొరసాని గౌరవం కూడా దొర ఉన్నంతవరకేననీ ఇంగ్లీషు నిఘంటువు ఒక్క మాట కింద అర్థాలకు నంబర్లు వేసి చూపించేసింది.

ఇక మిస్ మనదాకా వచ్చింది పొరుగు మాటైన మిషన్ చెయ్యి పట్టుకునే. హత్నూర 2016 దాకా మెదక్ జిల్లాలోనే ఉండేది. ఆ మెదక్‌లో వెస్లియన్ మిషన్ కట్టిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. మిషన్ బడుల్లో, ఆస్పత్రుల్లో పనిచేసే పెళ్లికాని స్త్రీని మనవాళ్లు 'మిస్సమ్మ' అన్నారు. మిస్‌కు అమ్మ తగిలించడంలో ఎంత తెలివి ఉందో చూడండి. మొగుడు లేకుండా, సొంత జీతం మీద, సొంత పేరుతో బతికే స్త్రీకి మన భాషలో మర్యాదైన మాట లేదు. అందుకని ఇంగ్లీషు మాట తెచ్చుకుని, దానికి మన గౌరవం అతికించారు.

1955లో వచ్చిన 'మిస్సమ్మ' సినిమాను ఈసారి నిఘంటువు పక్కన పెట్టుకుని చూశాను. ఉద్యోగం కావాలంటే భార్యాభర్తలై ఉండాలన్నది ఆ బడి షరతు. పట్టభద్రురాలైన మిస్ మేరీ అప్పుల బాధ తీరడానికి ముక్కూ మొహం తెలియని మనిషికి మిసెస్‌గా నటించాలి. చివరికి తేలేదేమిటి? ఆమె చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి. మిస్, మిసెస్, మిస్సింగ్ మూడూ సావిత్రి ఒక్కతే. తప్పిపోయిన కూతురు దొరికింది, నటన పెళ్లి నిజమైంది, కథ సుఖాంతమైంది. కానీ చదువుకుని, అప్పు తీర్చుకుంటూ, తన కోపం తాను పడుతూ బతికిన మిస్ మేరీ ఏమైంది? సినిమా ముగిసేసరికి తప్పిపోయింది ఆమె. నవ్వులమధ్య మనం గమనించం.

మన సొంత సరుకు తక్కువేమీ కాదు. శుభలేఖల మీద చి.ల.సౌ., అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. భర్త పోయిన స్త్రీకి ఉత్తరం రాస్తే గం.భా.స., గంగాభాగీరథీ సమానురాలు. కవరు మీదే ఆమె మొగుడి ఆయుష్షు పోస్టుమ్యానుకు తెలిసిపోయేది. 'శ్రీమతి'కి అసలు అర్థం సిరి కలిగినది అనే, 'శ్రీమాన్'కు స్త్రీరూపం. ఇప్పుడు 'మా శ్రీమతి' అంటే మా ఆవిడ. మగవాడి 'శ్రీ' పెళ్లికి ముందూ వెనకా అదే.

అయితే ఒక మాట నాకు నేను చెప్పుకోవాలి. ఈ చర్చ అంతా పేరు ముందు ఏదో ఒకటి పెట్టించుకోగలిగిన స్త్రీలది. మా ఊళ్లో బహుజన స్త్రీలను శ్రీమతి అని ఎవరు పిలిచారు? పేరుకు కులమే ముందు వచ్చేది. భూమి కోసం దొరను ఎదిరించిన ఐలమ్మ చరిత్రలోకి కూడా 'చాకలి ఐలమ్మ'గానే వచ్చింది. చిన్నమ్మ పేరు ముందు ఏదైనా చేరడమంటూ మొదలైంది కంపెనీ ఫారంతోనే. ఇక నేను డాక్టరేటు వచ్చిన రోజు నుంచి పేరు ముందు 'డాక్టర్' పెట్టుకుని ఈ పేచీ నుంచి సులువుగా తప్పుకున్నాను. ఆ సులువు ఎంత ఖరీదైనదో అరుగు మీద కూర్చున్నప్పుడే తెలిసింది.

ఇంగ్లీషులో నాలుగో డబ్బా ఒకటి ఉంది, 'మిజ్'. 1901లోనే అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక పత్రిక దాన్ని సూచించింది, ఎవరూ పట్టించుకోలేదు. 1961లో షీలా మైకేల్స్ అనే పౌరహక్కుల కార్యకర్త తన గదిలో ఉండే స్నేహితురాలికి వచ్చిన పత్రిక చిరునామాలో ఆ మాట చూసి అచ్చుతప్పు అనుకుంది. మిస్టేక్! ఆమె వెతుకుతున్నది ఏ మగవాడికీ చెందని స్త్రీకి ఒక మాట. ఆ తప్పులో అది దొరికింది. 1972 నుంచి ఆ పేరుతో పత్రిక నడిచింది. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఒప్పుకోవడానికి 1986 దాకా పట్టింది. మన ప్రభుత్వాలు వెతికిన మాట 'ఒంటరి మహిళ'. 2017లో తెలంగాణలో ఆ పేరుతో పింఛను మొదలైంది. ఆ డబ్బు ఎందరికో ఆసరా, దాన్ని తక్కువ చేయను. కానీ అత్తను సాకి, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేసి, బస్సులో పదిమందికి పెద్దదిక్కుగా ఉన్న మనిషిని ఒంటరి అనడం ఎంతవరకు నిజం?

మిస్సింగ్ అన్న మాట మా ప్రాంతంలో అందరికీ నోటికొచ్చింది 2025 జూన్ 30 తర్వాత. ఆ రోజు పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే తప్ప ఎవరు ఎవరో తేలలేదు. కొందరి ఆనవాళ్లే దొరకలేదు, వాళ్లు మిస్సింగ్ జాబితాలో ఉండిపోయారు. గేటు ముందు, ఆస్పత్రి ముందు కూర్చున్న వాళ్ల భార్యలను టీవీలో చూసి చిన్నమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. సర్టిఫికెట్టు వచ్చేదాకా వాళ్లు ఏ డబ్బాలో ఉంటారు?

చట్టం దగ్గర ఒక లెక్క ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం, దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, రెండూ చెప్పేది ఒకటే: సహజంగా కబురు తెలియాల్సినవాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతే, బతికే ఉన్నాడని వాదించేవాళ్లే రుజువు చేయాలి. చిన్నమ్మకు ఇది ఇంతకుముందే చెప్పాను, కోర్టుకు పోదామన్నాను.

"సచ్చిండని నేను సంతకం పెట్టాల్నా బిడ్డా? పుస్తె తీస్తే ఒక మాటంటరు, తీయకుంటే ఇంకో మాటంటరు. ఉండనీ."

తెల్లారి ఫారం మళ్లీ ముందర పెట్టుకున్నాం. ఒక్కో డబ్బాకు అర్థం చెప్పమంది. మిస్ దగ్గరికి రాగానే ఆపింది.

"మిస్ అంటే తప్పిపోవుడు గదా? బస్సు మిస్సైంది అంటం."

అది వేరే మిస్ అన్నాను. రెండింటికీ చుట్టరికం లేదనీ, పక్కపక్కన ఉన్నాయంతేననీ చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"మిస్సైంది ఆయన. నేను పొద్దుగాల్ల డ్యూటీకి పోతనే ఉన్న. ఉట్టి పేరు రాయి."

పేరు రాశాను. భర్త లేక తండ్రి అన్నచోట తాత పేరు చెప్పింది, అది రాశాను. డబ్బాలు రెండు వరసలూ ఖాళీగా వదిలేశాం. వేలిముద్ర వేయకుండా, కొత్తగా నేర్చుకున్న సంతకం మెల్లగా పెట్టింది.

నాలుగు రోజులకు గుర్తింపు కార్డు వచ్చింది. పేరుకు ముందు మిసెస్ అని ఉంది. ఆఫీసులో ఎవరు టిక్కు పెట్టారో తెలియదు. అడుగుదామా అంటే, "పేరు సక్కగ పడ్డదా లేదా సూడు" అంది. అక్షరం అక్షరం చదివి, సరిగానే పడిందని చెప్పాను. కార్డు మెడలో వేసుకుని, డబ్బా సంచిలో సర్దుకుని షిఫ్టు బస్సుకు నడిచింది.