నాట్యాచార్య నటరాజ రామకృష్ణగారు

రంగస్థలముపై ఆడినవారి కీర్తిని మనము శ్రద్ధగా చెప్పికొందుము. నేర్పినవారిని తరచుగా మరచిపోవుదుము. తమకు నేర్పినవారిని లోకము మరువకుండుటకై జీవితమంతయు పాటుపడిన యొక యాచార్యుని చరిత్రమును సంఘసోదరుల కీ సంచికయందు విన్నవింపబూనితిమి.

రామకృష్ణగారు 1923 మార్చి 21న బలిద్వీపమున జన్మించిరి. సముద్రమున కావల పుట్టిన బిడ్డ తెలుగువారి యాటలను వెదకుచు ఊరూర దిరుగుట యొక చిత్రము. మీనాక్షిసుందరం పిళ్ళెగారివద్దను, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారివద్దను ఆయన విద్య నభ్యసించిరి. అంతటితో తృప్తిచెందక నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామ మున్నగు కళావంతుల పెద్దలయొద్ద శిష్యుడై కూర్చుండిరి. ఇచ్చట మేము కొంత నిలువవలసియున్నది.

1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనము వెలసెను. ఆ యాచారము తొలగుట న్యాయమే. తొలగవలెనని పోరాడినవారిలో ఆ కుటుంబములలో బుట్టిన స్త్రీలును గలరు. కాని యాచారముతోపాటు ఆటయు నిందపాలయ్యెను. తరతరములుగా పదములకు అభినయము పట్టినవారు గజ్జెలు విప్పి పెట్టెలలో దాచిరి. ఆ కాలముననే యిట్టి విద్య పట్టణములలో టిక్కెట్టు సభలకెక్కి గౌరవము సంపాదించెను. ఆ గౌరవము మాత్రము వారి గడప త్రొక్కలేదు. దీనిని తలచినపుడు మాకిప్పటికిని మనసు కలగుచున్నది.

రామకృష్ణగారు ఆ గడపల కేగిరి. 1970 ప్రాంతమున ఆ వృద్ధ కళాకారిణులను హైదరాబాదునకు రప్పించి, సభచేసి, వారి లాస్యసంప్రదాయమునకు ఆంధ్రనాట్యమను పేరు నెలకొల్పిరి. పిఠాపురమున కుంతీమాధవస్వామి సన్నిధిని కళావంతులు తొమ్మిది రాత్రులాడుచుండిన నవజనార్దన పారిజాతము, ఆయన శిష్యులు కళాకృష్ణగారు స్త్రీవేషమున సత్యభామయై నిలువగా, మరల రంగమెక్కెను.

పేరిణి కథ వేరు. అచ్చట నేర్పుటకు గురువే లేడు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళి యొకవైపు, రేచెర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి శిల్పము లింకొకవైపు ఆయనకు దొరకిన యాధారములు. గ్రంథము లక్షణము చెప్పును, రాయి యొక భంగిమను చూపును. ఒక భంగిమనుండి మఱియొకదానికి అడుగెట్లు పడవలెనో రెండును చెప్పవు. ఆ నడిమి భాగము రామకృష్ణగారి యూహ. కావున నేటి పేరిణి కాకతీయ భటులాడినదే యని మేము ప్రమాణము చేయజాలము. అయినను 1985 శివరాత్రినాడు రామప్పగుడి ముందర ఆయన శిష్యులు పేరిణి యాడగా, ఆ యూహకు ప్రాణము వచ్చెనని యొప్పుకొనక తప్పదు.

శాస్త్రీయమని జానపదమని గీత గీచి, రెండవదానిని తక్కువచేయు పండితులు మనలో నుండిరి, ఉన్నారు. ఆయన యా గీతను లక్ష్యపెట్టలేదు. చిందు భాగవతుల యాటను, తప్పెటగుళ్లను, వీరనాట్యమును ఆలయనృత్యముతో సమానముగా పరిశీలించి వ్రాసిరి. ఆయన గ్రంథములు నలుబదికి తక్కువగావు. మన యువకులు వానిలో నొకటియైన చదివినచో, తమ యూరి జాతరలో నాడువానిని వేరొక చూపుతో చూతురు.

1992లో ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను. ఆయన వివాహము చేసికొనలేదు, శిష్యులే సంతానము. 2011 జూన్ 7న హైదరాబాదున దివంగతులైరి.