చిన్న విమానాల ప్రొపెల్లర్లు: రెండు బ్లేడ్లు, మూడు బ్లేడ్లు

చిన్న విమానాన్ని ముందుకు నడిపే ప్రొపెల్లర్‌కు సాధారణంగా రెండు బ్లేడ్లో, మూడు బ్లేడ్లో ఉంటాయి. ఏది మేలు అన్న వాదం పైలట్లలో చాలాకాలంగా ఉంది. నిజానికి సంఖ్యను తేల్చేవి మూడు: ఇంజిన్ శక్తి, ప్రొపెల్లర్ వ్యాసం, బ్లేడు కొస వేగం.

రైట్ సోదరుల 1903 నాటి విమానానికి ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండు. ఒక్కోదానికి బ్లేడ్లు రెండే. చెక్కతో చేసినంత కాలం అదే అనువైన పద్ధతి. కలప నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా సాగుతుంది. మూడు బ్లేడ్లయితే సరిగ్గా బలం కావలసిన నడిబొడ్డునే అతుకు పడుతుంది. సిల్వేనస్ రీడ్ లోహపు ప్రొపెల్లర్‌కు అమెరికా విమానయాన పురస్కారమైన 1925 కొలియర్ ట్రోఫీ దక్కింది. గాలిలో ఉండగానే బ్లేడు కోణం మార్చే హామిల్టన్ స్టాండర్డ్ ప్రొపెల్లర్‌కు అదే గౌరవం 1933 సంవత్సరానికి లభించింది. విడి బ్లేడ్లను లోహపు హబ్‌లో బిగించడం అలవాటయ్యాక మూడోది చేర్చడం కష్టం కాలేదు. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ 1936లో రెండు చెక్క బ్లేడ్లతో ఎగిరింది. ఇంజిన్ బలం పెరిగేకొద్దీ అవి మూడు, నాలుగు, చివరికి ఐదు అయ్యాయి. ఈ విషయంలో ఇది స్పష్టమైన ఉదాహరణ.

ఇంజిన్ బలాన్ని బట్టి బ్లేడ్ల సంఖ్య మారడం తెలుగు నేలపైనా కనిపిస్తుంది. బేగంపేట నుంచి 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలవి మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్లు. అదే బేగంపేటలో తరాల విద్యార్థులు శిక్షణ పొందిన సెస్నా 152, 172లకు రెండే. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో 260 అశ్వశక్తి శిక్షణ విమానం హెచ్‌పీటీ-32 దీపక్‌కూ రెండే ఉండేవి. ఆ విమానాలను 2009లో ఆపేయడానికి ఇంజిన్ ఆగిపోయే సమస్యే కారణం, ప్రొపెల్లర్ కాదు. వాటి స్థానంలో 2013లో చేరిన 700 అశ్వశక్తి పిలాటస్ పీసీ-7 మార్క్-2కు నాలుగు బ్లేడ్లు.

లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. సెస్నా 172 ప్రొపెల్లర్ వ్యాసం దాదాపు 75 అంగుళాలు. నిమిషానికి 2,700 సార్లు తిరిగితే కొస వేగం సెకనుకు సుమారు 269 మీటర్లు. ధ్వని వేగం సుమారు 340 మీటర్లు. కొస దానికి మరీ దగ్గరైతే మోత పెరుగుతుంది, శక్తి వృథా అవుతుంది. విశాఖపట్నం నుంచి అరకు, బొర్రా కొండల మీదుగా ఒడిశాలోని జైపూర్‌కు నడిచిన సెస్నా గ్రాండ్ కారవాన్‌ను చూడండి. 106 అంగుళాల ప్రొపెల్లర్, 1,900 చుట్లు: కొస వేగం దాదాపు 268 మీటర్లు! ఇంజిన్ శక్తి ఎన్నో రెట్లయినా కొస వేగం మారలేదు. అంత శక్తిని గాలికి అందించడానికి చుట్లు తగ్గించి, వ్యాసం పెంచి, మూడో బ్లేడు పెట్టారు.

విశాఖ-జైపూర్ దారి మూడో బ్లేడు విలువను బాగా చూపిస్తుంది. సముద్ర మట్టం నుంచి లేచిన విమానం కాసేపట్లోనే అనంతగిరి ఘాట్లు దాటాలి. బొర్రా గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, కోరాపుట్ జిల్లా దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. వెయ్యి మీటర్ల ఎత్తున గాలి సాంద్రత తొమ్మిది శాతం తగ్గుతుంది. ఎండాకాలంలో ఇంకా పలచబడుతుంది. తక్కువ వేగంతో పైకెక్కేటప్పుడు అదనపు బ్లేడు ఉపయోగపడుతుంది. సమతల ప్రయాణంలో మాత్రం, సాధారణ శిక్షణ విమానంలో రెండు బ్లేడ్లదే కాస్త పైచేయి. తేడా కొద్ది శాతమే.

బ్లేడ్లు తగ్గితే సామర్థ్యం పెరుగుతుందన్న మాట తరచు వినిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదు. వ్యాసం అంతే ఉంటే, బ్లేడ్లు పెరిగేకొద్దీ కొసల దగ్గర నష్టం తగ్గుతుంది; ఒరిపిడి, బరువు, ఖర్చు మాత్రం పెరుగుతాయి. మూడు బ్లేడ్ల నిజమైన మేలు కుదుపు తగ్గడంలో ఉంది. విమానం ముక్కు తిప్పినప్పుడు రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఇరుసును కుదుపుతుంది; మూడింటి బలాలు సమంగా సర్దుకుంటాయి. వ్యాసం తగ్గించే వీలుండటంతో కొస నేలకు దూరంగా ఉంటుంది, శబ్దమూ తగ్గుతుంది.

అలాగని యజమాని తోచినట్టు మార్చుకోలేడు. కొత్త ప్రొపెల్లర్ ఆ విమానానికి, ఆ ఇంజిన్‌కు ఆమోదం పొందినదై ఉండాలి. ముక్కు దగ్గర పెరిగిన బరువుతో గురుత్వ కేంద్రం ముందుకు జరుగుతుంది కాబట్టి విమానం బరువు, సమతౌల్యం లెక్కలు మళ్లీ వేయాలి.