రెండున్నాయి కదా అని...

మా పాత ప్రాజెక్టులో రెండు సర్వర్లుండేవి. ఎందుకు రెండూ అంటే "ఒకటి పోతే ఇంకోటుంటుంది కదా" అని. ఆర్కిటెక్చర్ బొమ్మలో రెండు పెట్టెలు, వాటి మీదో లోడ్ బ్యాలెన్సరు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఒక శుక్రవారం రాత్రి అందులో ఒకటి పోయింది. నాలుగు నిమిషాల్లో రెండోదీ పోయింది. తెల్లారాక లెక్కేస్తే తేలిందేంటంటే, ఒక్కోటీ మామూలు రోజుల్లోనే డెబ్భై శాతం లోడు మోస్తోంది! మేం బ్యాకప్ అనుకున్నది బ్యాకప్ కాదు, ఒకే బండికి కట్టిన రెండెడ్లు. ఒకటి కూలబడితే రెండోది బండి లాగదు, దాంతోపాటే కూలబడుతుంది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య చిన్న విమానాల ఇంజన్ల గురించి చదువుతుంటే సరిగ్గా ఇదే పొరపాటు ఇంకో వేషంలో కనబడింది. అక్కడ పోయేది శుక్రవారం రాత్రి నిద్ర కాదు, ప్రాణం. వ్యవహారమంతా రోటరీ ఇంజన్లో స్పార్కు ఎప్పుడు పడాలి, ఎన్ని పడాలి అన్న దాని చుట్టూ తిరుగుతుంది.

ముందు చిన్న వివరణ. రోటరీ ఇంజన్ అనే పేరుతో చరిత్రలో రెండు వేరువేరు జంతువులున్నాయి. మొదటిది 1908-09 ప్రాంతంలో ఫ్రాన్సులో సెగాఁ సోదరులు చేసిన నోమ్ ఇంజన్. ఏడు సిలిండర్లు, 50 గుర్రాల బలం. ఇందులో క్రాంక్ షాఫ్ట్ విమానానికి బిగించి కదలకుండా ఉంటుంది, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిరగిరా తిరుగుతాయి! 1909 ఆగస్టులో రాఁస్‌లో జరిగిన పోటీల్లో ఆఁరీ ఫార్మాన్ ఈ ఇంజన్‌తోనే 180 కిలోమీటర్లు ఎగిరి గెలిచాడు. అన్నట్టు దానికి వేసే నూనె మన ఆముదమే. పెట్రోల్లో కలిసిపోదు కాబట్టి అదే బాగా పనికొచ్చేది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని వెక్కిరిస్తాం గానీ, అప్పటి విమానాలు ఎగిరింది దాని చలవతోనే.

సరే, స్పార్కు సంగతికొద్దాం. సిలిండర్లో పిస్టన్ పై కొసకి చేరాక నిప్పు పెడితే ఆలస్యమైపోతుంది, ఎందుకంటే మంట పాకడానికి కొంత టైము పడుతుంది. అందుకని కొన్ని డిగ్రీలు ముందే పెడతారు. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఇంజన్లో 20 డిగ్రీలు అంటే సుమారు 2.8 మిల్లీసెకన్లు. మరీ ముందు పెడితే మంట పైకొచ్చే పిస్టన్‌కి ఎదురుతంతుంది, మరీ ఆలస్యమైతే బలమంతా సైలెన్సర్ పాలవుతుంది.

తొమ్మిది సిలిండర్ల నోమ్‌లో స్పార్కు ఇచ్చేది ఒకే ఒక్క మాగ్నెటో. రెండు చుట్లకి తొమ్మిది స్పార్కులు కావాలి, మాగ్నెటో ఒక చుట్టుకి రెండిస్తుంది. అంచేత ఇంజన్ నాలుగు చుట్లు తిరిగితే మాగ్నెటో తొమ్మిది తిరిగేలా పళ్ళచక్రాలు పెట్టారు. సిలిండర్లు ఒకటి విడిచి ఒకటి మండుతాయి: 1, 3, 5, 7, 9, 2, 4, 6, 8. మెకానిక్కు మొదటి సిలిండర్‌ని చెప్పిన డిగ్రీ దగ్గర ఆపి, మాగ్నెటో పాయింట్లు అప్పుడే విడివడేలా తిప్పి, పళ్ళు కలిపి బిగించేవాడు. ఒక పన్ను అటూ ఇటూ అయితే తొమ్మిది సిలిండర్ల టైమింగూ తప్పినట్టే. ఆ తర్వాత గాల్లో దాన్ని మార్చేదేమీ లేదు.

ఇహ పైలట్ చేతిలో ఉండేది ఒక మీట. నొక్కితే స్పార్కు ఆగుతుంది, వదిలితే మళ్ళీ వస్తుంది. దిగేటప్పుడు వేగం తగ్గించడానికి దాన్ని నొక్కుతూ వదుల్తూ వచ్చేవాళ్ళు. అయితే స్పార్కు ఆగినా పెట్రోలు ఆగదు. మండని పెట్రోలు కవచంలో పేరుకుని, మీట వదలగానే భగ్గుమనే ప్రమాదం ఉండేది. 1917లో సాప్విత్ కామెల్ నడిపిన మన హర్‌దిత్ సింగ్ మాలిక్ లాంటివాళ్ళు ఇలాంటి తిరిగే ఇంజన్ల వెనకాల కూర్చునే యుద్ధం చేశారు. ఒక మాగ్నెటో, సిలిండర్‌కో ప్లగ్గు అంటే అది పోతే కథ కంచికే. కామెల్‌కి వాడిన బెంట్లీ బీఆర్1 ఇంజన్లో అందుకే ప్రతి సిలిండర్‌కీ రెండు ప్లగ్గులు పెట్టారు. విమానాల్లో "రెండు" అన్న మాట మెల్లిగా ధర్మశాస్త్రమైంది.

ఈనాటికీ చిన్న విమానాల్లో ఎక్కువగా కనబడే లైకమింగ్ పిస్టన్ ఇంజన్లలో రెండు మాగ్నెటోలుంటాయి. ప్రతి సిలిండర్‌కీ రెండు ప్లగ్గులు, రెండిటికీ సాధారణంగా ఒకే టైమింగు: మోడల్‌ని బట్టి పై కొసకి 20 లేదా 25 డిగ్రీల ముందు. ఎగిరే ముందు పైలట్ ఒక్కో మాగ్నెటోనీ ఆపి చూస్తాడు. నిమిషానికి 175 చుట్ల కంటే ఎక్కువ తగ్గకూడదు, రెండిటి మధ్య తేడా 50 దాటకూడదు. నాకు బాగా నచ్చిందేంటంటే, అసలేమీ తగ్గకపోయినా అనుమానించాలి. అంటే ఆ మాగ్నెటో నిజంగా ఆగలేదన్నమాట. స్విచ్చి ఆపేశాం కదా అని ఎవరైనా ప్రొపెల్లర్ మీద చెయ్యేస్తే తిరిగి ప్రాణం తీయొచ్చు. పరీక్ష పాసవ్వడమే కాదు, ఎలా పాసైందో కూడా చూడాలని ఎంత చక్కగా నేర్పారో!

ఇప్పుడు రెండో జంతువు. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన ఇంజన్ 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో మొదటిసారి నడిచింది. పిస్టన్లూ వాల్వులూ లేవు, ఎనిమిది అంకె లాంటి గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. జపాన్‌లో మాజ్దా దీన్ని కార్లలో పెట్టి 2012 దాకా ఆర్ఎక్స్-8లో అమ్మింది. చిన్నది, వణుకు తక్కువ, చవగ్గా దొరికేది. అందుకే అమెరికాలో ఇళ్ళలో విమానాలు కట్టుకునేవాళ్ళు కొందరు మాజ్దా 13బీ ఇంజన్ని తీసి, గేర్ పెట్టి, ప్రొపెల్లర్‌కి తగిలించారు.

అసలు కిటుకు ఇక్కడుంది. 13బీలో ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులుంటాయి. విమానాలు తెలిసినవాడు చూడగానే "ఓహో, రెండు! బ్యాకప్ ఉంది" అనుకుంటాడు. కాదు. వాంకెల్‌లో మండే గది పొడుగ్గా, పల్చగా ఉంటుంది, పైగా కదులుతూ ఉంటుంది. మంట రోటర్ తిరిగే వైపు తొందరగా పాకుతుంది, వెనక్కి పాకడం కష్టం. అందుకని ముందు ప్లగ్గు అసలు పని చేస్తుంది, వెనక ప్లగ్గు మిగిలిన తోకని అంటిస్తుంది. వెనక ప్లగ్గు రంధ్రం చిన్నగా ఉంటుంది. రోటర్ మూల దాన్ని దాటేటప్పుడు ఒక గది ఒత్తిడి పక్క గదిలోకి కారిపోకుండా అలా చేశారు. రెండూ ఒకేసారి వెలగవు కూడా. 1986 తర్వాతి ఆర్ఎక్స్-7లో ఐడిల్ మీద ముందు ప్లగ్గు పై కొస దాటిన 5 డిగ్రీలకి, వెనకది 20 డిగ్రీలకి వెలగాలని పుల్లీ మీద రెండు గుర్తులుంటాయి.

అంటే అవి కవలలు కావు. వెనక ప్లగ్గు ఆపితే ఇంజన్ కొంచెమే మందగిస్తుంది. ముందుది ఆపితే నడుస్తుంది గానీ బలం బాగా పడిపోతుంది. లైకమింగ్ లెక్క పట్టుకొచ్చి "తేడా యాభై లోపుండాలి" అంటే ఇక్కడ కుదరదు. వైర్లు తారుమారయ్యాయో, వెనకది ముందే వెలిగి మంట గతి తప్పుతుంది. ఎక్కువ లోడు మీద డిటోనేషన్ వస్తే రోటర్ మూలల్లోని అపెక్స్ సీళ్ళు విరగొచ్చు. ప్రొపెల్లర్ హోరులో ఆ చప్పుడు వినబడుతుందన్న నమ్మకం లేదు.

ఇంకో తిరకాసు. కారు ఐడిల్‌లో చూసిన గుర్తు టేకాఫ్‌లో ఏం జరుగుతోందో చెప్పదు. విమానంలో ఈ ఇంజన్ నిమిషానికి 6000 చుట్ల దగ్గర ఫుల్ లోడు మీద నిమిషాల తరబడి నడుస్తుంది. ఆ వేగంలో 15 డిగ్రీలంటే 0.42 మిల్లీసెకన్లు. అడ్వాన్సు ఎంతో ఆ వేగంలోనే, ఆ లోడు మీదే, నేల మీద కట్టేసి చూసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే, డెవలప్‌మెంట్ మెషీన్లో పాసైన టెస్టు ప్రొడక్షన్‌కి సాక్ష్యం కాదు.

అన్నిటికంటే పెద్దది: ఆ ఆర్ఎక్స్-7లో నాలుగు ప్లగ్గులకీ సమయం చెప్పేది ఒకే సెన్సర్ యూనిట్, ఒకే కంప్యూటర్, వాటి వెనక ఒకే బ్యాటరీ. మాగ్నెటోకి బ్యాటరీ అక్కర్లేదు, తిరుగుతున్నంతసేపూ తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. కారుకి ఇది తప్పేమీ కాదు, ఆగిపోతే రోడ్డు పక్కన పెట్టుకుంటాం. గాల్లో రోడ్డు పక్క ఉండదు కదా! అందుకే జాగ్రత్తగలవాళ్ళు రెండో కంట్రోలరు, రెండో బ్యాటరీ పెట్టి, ముందు ప్లగ్గులు ఆపేసి వెనకవాటితో ఎంత బలం వస్తుందో కొలిచి రాసుకుంటారు.

వాంకెల్ చచ్చిపోలేదు. 1993లో ఎగిరిన ఏఎస్‌హెచ్ 26ఈ గ్లైడర్లో అదే ఉంది. మన నిశాంత్ డ్రోన్ కూడా 2009లో కోలార్ దగ్గర దేశంలోనే తయారైన వాంకెల్‌తో ఎగిరింది. ఇంజన్‌లో లోపం లేదు. లోపమల్లా వేరే ఇంజన్ దగ్గర నేర్చుకున్న "రెండు" అన్న మాటని అర్థం అడక్కుండా ఇక్కడికి మోసుకురావడంలో ఉంది.

నోమ్ పైలట్‌కి ఒకటే ఉందని తెలుసు. అందుకే ఎప్పుడూ దిగడానికి ఓ పొలం చూసుకుంటూ ఎగిరేవాడు. రెండున్నాయని నమ్మినవాడు పొలం వెతకడు. ఆ శుక్రవారం తర్వాత నేను ఏ డిజైన్ రివ్యూకెళ్ళినా "ఎన్ని ఉన్నాయి?" అని అడగడం మానేశాను. "ఒకటి ఆపేసి చూశారా? ఎప్పుడు, ఎంత లోడు మీద?" అని అడుగుతున్నాను. చాలాసార్లు గదిలో నిశ్శబ్దమే సమాధానం.