85 సెంటీమీటర్ల లిథియం ఆవిరి

కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ దగ్గరున్న స్లాక్ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్లు 3 కిలోమీటర్ల రాగి గొట్టం పొడవునా పరిగెత్తి 4,200 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి సంపాదించాయి. ఆ చివర వాటికోసం 85 సెంటీమీటర్ల లిథియం ఆవిరి కాచి ఉంచారు. దాన్ని దాటేసరికి కొన్నింటి శక్తి రెట్టింపయింది! 2007లో ‘నేచర్’ అచ్చువేసిన ఈ లెక్క ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఎలక్ట్రాన్ల గుంపు దూసుకొస్తూ తన విద్యుత్ క్షేత్రంతోనే లిథియం పరమాణువుల్ని చీల్చి ప్లాస్మాగా మారుస్తుంది. అందులోని ఎలక్ట్రాన్లు పక్కలకు చెదురుతాయి, బరువైన అయాన్లు కదలవు. వాటి ఆకర్షణకు చెదిరినవి మళ్లీ వెనక్కి దూకుతాయి. పడవ వెనక అల లేచినట్టు గుంపు వెనక ప్లాస్మా అల లేస్తుంది. ముందున్న ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న శక్తిని తోకన ఉన్న కొద్దిపాటివి అందుకుంటాయి. రాగి గొట్టంలో క్షేత్రం మరీ పెంచితే లోహమే దెబ్బతింటుంది. ప్లాస్మాలో పదార్థం ముందే చీలిపోయి ఉంది, ఇక పాడయ్యేదేముంది?

ప్లాస్మా అలల్ని భౌతిక శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ 1920ల్లోనే గుర్తించాడు. 1979లో తజిమా, డాసన్ లేజర్‌తో ఆ అలను లేపవచ్చన్నారు. లేజర్ బదులు ఎలక్ట్రాన్ల గుంపే చాలని 1985లో పిసిన్ చెన్, డాసన్, వారి సహచరులు చూపించారు. 1988లో ఆర్గాన్ ప్రయోగశాలలో రోజెన్‌జ్వైగ్ బృందం దాన్ని చేసి చూసింది. స్లాక్ ప్రయోగంలో ముఖ్యుడు చంద్రశేఖర్ జోషి. మన కృష్ణా నది ఎగువన, మహారాష్ట్రలోని వాయిలో పుట్టినవాడు.

ఆ ప్రయోగం జరిగిన సొరంగాన్ని వ్యాసం అచ్చయ్యేలోపే, 2006లోనే పడగొట్టారు. ఎక్స్-కిరణ లేజర్‌కు చోటు కావాలన్నారు. తర్వాత స్లాక్‌లోనే ఫాసెట్ అనే ప్రయోగ కేంద్రం వచ్చింది. అక్కడ 1.3 మీటర్ల ప్లాస్మాలో పాజిట్రాన్లు (ఎలక్ట్రాన్ల ప్రతికణాలు) 500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు అందుకున్నాయి. 2016లో అదీ ఆగిపోయింది, మళ్లీ ఎక్స్-కిరణ లేజర్ విస్తరణకే. ఆ లేజర్ గొప్పదే, కాదనను. కానీ ఎలక్ట్రాన్లను ఢీకొట్టించడానికి పాజిట్రాన్లూ కావాలి. ఫాసెట్-2 అవి లేకుండానే పని మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇది పెద్ద నష్టమని నా అభిప్రాయం.

జెనీవా దగ్గరి సెర్న్‌లో కథ తిరగబడింది. అక్కడ న్యూట్రినో ప్రయోగం ఖాళీ చేసిన సొరంగం అవేక్ అనే ప్లాస్మా ప్రయోగానికి దక్కింది. అల లేపే పని ప్రోటాన్లది. 2018లో 10 మీటర్ల రుబీడియం ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు 1.9 కోట్ల నుంచి 200 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరాయి.