సూరత్‌లో లేని పగడాలు

సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ నేత కార్మికుల పిల్లలు డుమస్ తీరంలో చూసేది బురద నీరు, నల్లటి ఇసుక. నర్మద, తపతి తెచ్చే ఒండ్రు ఖంభాత్ సింధుశాఖను ఎప్పుడూ కలకగానే ఉంచుతుంది. పగడపు జీవి ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలకు వెలుతురు కావాలి. ముఖ్యంగా అవి తయారుచేసే ఆహారం తినే ఆ జీవి సున్నపు గూడు కడుతుంది. ఆ గూళ్లు వేల ఏళ్లు పేరుకుంటే పగడపు దిబ్బ. గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో దిబ్బలు లేనిదీ ఇందుకే.

సౌరాష్ట్రకు అవతల, కచ్ సింధుశాఖలో మాత్రం పగడాలున్నాయి. బరోడా సంస్థానం కోసం జేమ్స్ హార్నెల్ ఓఖామండల్ సముద్రజీవులను పరిశీలించి 1909లో నివేదిక ఇచ్చాడు. తర్వాతి కాలంలో సిమెంటు కోసం పగడపు ఇసుకను తవ్వారు. తవ్వకంలో పోయిన పగడాల మాట అలా ఉంచండి, లేచిన ఒండ్రు పక్కనున్న వాటినీ కప్పేసింది. 1982లో జామ్‌నగర్ తీరంలో దేశపు తొలి సముద్ర జాతీయ ఉద్యానం ఏర్పడింది.

1998లో సముద్రం వేడెక్కి పగడాలు శైవలాలను కోల్పోయి తెల్లబారాయి. లక్షద్వీప్‌లో దాదాపు 82 శాతం తెల్లబారితే, కచ్‌లో సగటున 11 శాతమే. అక్కడి కలక నీరే ఎండకు కాస్త గొడుగు పట్టిందేమోనని నా ఊహ.