ఇప్పపూల కాలంలో పరీక్షలు: మన తల్లిదండ్రుల వైపు నుంచి చదువు చరిత్ర

గిరిజన తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదనే మాట మనం చాలా ఏళ్లుగా వింటున్నాం. ఉపాధ్యాయుల సమావేశాల్లో వింటాం, అధికారుల నోట వింటాం. ఒక్కోసారి చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మన పిల్లలే ఆ మాట అంటారు. బడిలో మీటింగు పెడితే తండ్రి రాలేదు కాబట్టి ఆయనకు పట్టదని తేల్చేస్తారు. ఆ రోజు ఆయన ఏ పనిలో ఉన్నాడో ఎవరూ అడగరు.

మన చదువు చరిత్రను తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. బడి తమకు అర్థమయ్యే రూపంలో వచ్చినప్పుడు మనవాళ్లు పిల్లల్ని పంపారు. పంపడానికి తమ దగ్గరున్నది ఇచ్చారు. అయితే తొమ్మిది, పది తరగతుల నుంచి కాలేజీ దాకా, ప్రవేశ పరీక్షల దాకా వెళ్లే దారిని వాళ్లకు విప్పి చెప్పినవాళ్లు తక్కువ. ఆ దారి ఎలా ఏర్పడింది, మన తల్లిదండ్రులు ఏమిచ్చి పిల్లల్ని అందులో నడిపించారు, ఇప్పుడు వాళ్లకు మనం ఏ విధంగా తోడుండాలి అన్నది ఇక్కడ చెప్పుకుందాం.

మన మాటలో మొదలైన బడి

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, ఆదిలాబాద్ గోండుల పరిస్థితిని అధ్యయనం చేసే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. భూమి కోసం పోరాడిన చోట భూమి పట్టాలతో పాటు చదువు సంగతి కూడా ముందుకు వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. మార్లవాయి ఇప్పుడు ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. గోండీ వాచకాలను నాగరి లిపిలో అచ్చువేశారు. ముందు యువకులు తాము చదవడం నేర్చుకున్నారు, తర్వాత తమ గూడేల పిల్లలకు నేర్పారు.

అంతకు ముందే తూర్పున పర్లాకిమిడి ప్రాంతంలో గిడుగు వెంకట రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాచకాలు రాసి, వాళ్ల కోసం బడులు నడిపించారు. ఈ రెండు చోట్లా పిల్లలకు పాఠం వాళ్ల మాటలోనే అందింది. మార్లవాయిలో చెప్పే మనిషి కూడా మనవాడే. పిల్లవాడు బడిలో ఏం నేర్చుకుంటున్నాడో ఇంట్లో తల్లికి తెలిసేది. సందేహం వస్తే పంతులును గోండీలోనే అడగగలిగేది. అక్షరం రాని తల్లికి కూడా బడి మీద ఒక పట్టు ఉండేది.

తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. వాటివల్ల వేల మంది మన పిల్లలు చదువుకున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ బడులు తల్లిదండ్రుల నుంచి అడిగినది చిన్నదేమీ కాదు. పోడు ఇంట్లో పదేళ్ల పిల్లవాడు మేకలు కాస్తాడు, మంచె మీద కూర్చుని జొన్నచేనుకు పిట్టల కాపలా ఉంటాడు. పదేళ్ల అమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని తల్లిని పనికి పంపిస్తుంది. ఆ రెండు చేతుల సాయాన్ని వదులుకుని, బిడ్డను దూరంలో ఉన్న బడికి అప్పగించడం మన తల్లిదండ్రులు చదువుకు కట్టిన మొదటి ఫీజు. దానికి రసీదు లేదు, అందుకే ఏ లెక్కలోనూ కనపడదు.

తలుపు తెరిచిన చట్టాలు

కాలేజీ తలుపు చట్టంతో తెరుచుకుంది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులను 1948-49 నుంచి షెడ్యూల్డ్ తెగలకూ విస్తరించారు. మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్ల కేటాయింపు కోర్టులో కొట్టుడుపోవడంతో, 1951లో మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణం చేర్చారు. విద్యాసంస్థల్లో మనకు సీట్లు కేటాయించడానికి ఆధారం అదే. 1973లో ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు మొదలయ్యాయి. ఇవాళ కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం సీట్లు ఉన్నాయి. తెలంగాణలో 6 శాతంగా ఉన్నదాన్ని 2022లో 10 శాతం చేశారు.

అయితే తలుపు తెరిచినవాళ్లు ముందు గడప కూడా కట్టారు. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ, ఇంజనీరింగు, వైద్య కాలేజీల ప్రవేశాలను ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ముడిపెడుతూ చట్టం చేసింది. డబ్బుతో సీట్లు కొనుక్కునే పద్ధతిని ఆపడానికి వచ్చిన మంచి చట్టం అది. అలా ఎంసెట్ అనే మాట మన ఇళ్లకు వచ్చింది. కొన్నేళ్లలోనే ఆ పరీక్ష చుట్టూ పట్నాల్లో కోచింగ్ వ్యాపారం పెరిగింది. నగరంలో ఉన్న తండ్రి కొడుకును ఎనిమిదో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సులో చేర్చాడు. మన తండ్రికి ఆ పరీక్ష పేరు తెలిసేసరికి కొడుకు ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నాడు. మన పిల్లలు వెనకబడిన చోటు ఇదీ. తెలివిలో తేడా లేదు, ఆ నాలుగేళ్ల ముందస్తు సమాచారంలో ఉంది తేడా.

తర్వాత పరీక్షలు పెరుగుతూనే వచ్చాయి. 2013లో జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్ అని రెండు మెట్లు అయ్యాయి. 2016 నుంచి వైద్య విద్యకు నీట్ తప్పనిసరి అయింది. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు సీయూఈటీ వచ్చింది. ఎంసెట్ పేరు కూడా ఈఏపీసెట్‌గా మారింది. పేర్లు గుర్తుపెట్టుకునేలోపే పేర్లు మారిపోయే ఈ వ్యవహారంలో, సంతకం బదులు వేలిముద్ర వేసే తల్లి ఏం చేయగలదని చాలామంది అనుకుంటారు. చేయగలిగినవి ఉన్నాయి. ఇప్పటికే చేస్తున్నవీ ఉన్నాయి.

అడవి కాలం, పరీక్షల కాలం

పరీక్షలు ఏ నెలల్లో వస్తాయో చూడండి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ప్రధానంగా మార్చిలో జరుగుతాయి. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. నీట్ ఎక్కువగా మే మొదటి ఆదివారం. ఈఏపీసెట్ సాధారణంగా మే నెలలో.

ఇప్పుడు మన ఇళ్ల లెక్క చూడండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే చెట్టు కిందికి వెళ్లాలి, ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. ఏప్రిల్ నుంచి మే దాకా తునికాకు. యాభై ఆకుల కట్టలు కట్టి సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని కట్టలు. సీతంపేట, పార్వతీపురం కొండల్లో అదే కాలంలో చింతపండు, జీడిపిక్కలు. పాడేరు వైపు నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్లు కోయాలి. కెస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు, అంటే చాలా ఏళ్లలో జనవరి చివర వస్తుంది.

ఏడాది మొత్తంలో మన ఇంటికి చేతి నిండా నగదు వచ్చే నెలలూ, పిల్లల భవిష్యత్తును తేల్చే పరీక్షల నెలలూ ఒకటే. పరీక్షల తేదీలు నిర్ణయించేవాళ్లకు ఇప్పచెట్టు గుర్తుకు రాదు. ఆ రోజుల్లో ఇంటర్ చదివే కొడుకును ఆకుకు పిలవకుండా ఉండటమంటే, ఆ ఇల్లు రోజూ కొన్ని కట్టల డబ్బు వదులుకోవడం. ఇవాళ కాలేజీల్లో ఉన్న మన పిల్లల్లో ఎంతోమంది వెనుక అలా వదులుకున్న ఒక వేసవి ఉంది. మీటింగుకు రాని తండ్రి ఆ రోజు తన వంతుతో పాటు కొడుకు వంతు ఆకు కూడా కోస్తూ ఉండి ఉండవచ్చు. ఉపాధ్యాయులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఆడపిల్ల విషయంలో తల్లి చేసే పని ఇంకా కష్టం. పదో తరగతి అయ్యాక సంబంధాలు వస్తాయి. ఇంకా చదువుతుందని చెప్పి వాళ్లను తిప్పి పంపాలంటే ఇంట్లో, ఊళ్లో ఎంతమందికి జవాబు చెప్పాలో తల్లులకు తెలుసు. ఆ రెండేళ్లు నిలబడిన తల్లి ఏ కోచింగూ ఇవ్వలేనిది ఇచ్చినట్టే.

కాగితాల పరీక్ష

అసలు పరీక్షకు ముందు మనవాళ్లు ఇంకో పరీక్ష రాయాలి. అది కాగితాల పరీక్ష. కుల ధ్రువీకరణను 1993 చట్టం కట్టుదిట్టం చేసింది. మన పేరుతో వేరేవాళ్లు సీట్లు తీసుకోకుండా చేసిన ఏర్పాటు అది. కానీ ఆ పత్రం కోసం ఎక్కువ తిరగాల్సింది నిజమైన గిరిజనుడే. స్థానికుల కోటా 1974 రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది. ఏ తరగతి ఎక్కడ చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లు అడగడం ఆ ఉత్తర్వు నుంచే మొదలైంది. వీటికి తోడు ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా.

మన ఇళ్లలో పేర్ల చిక్కు ఉంది. ఇంట్లో పిలిచే పేరు రేషన్ కార్డులో, బడిలో పంతులు రాసిన పేరు పదో తరగతి మెమోలో, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటుంది. పుట్టినరోజు తెలియక బడిలో చేర్చినప్పుడు వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో ఈ తేడా బయటపడితే దిద్దుకోవడానికి ఉండేది కొద్ది రోజులే. అదే తొమ్మిదో తరగతిలో బయటపడితే రెండు మూడేళ్లు ఉంటాయి. కాబట్టి తల్లిదండ్రులు చదువు రాకపోయినా చేయగల మొదటి పని ఇది. పిల్లవాడు తొమ్మిదిలోకి రాగానే కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టుకుని పంతులు దగ్గరికి వెళ్లి, అన్నిట్లో పేరూ తేదీ ఒకేలా ఉన్నాయా అని అడగాలి.

రెండో పని, పదో తరగతి తర్వాత ఏ గ్రూపు అన్నది ముందే మాట్లాడుకోవడం. బైపీసీ తీసుకుంటే వైద్యం, వ్యవసాయం వైపు. ఎంపీసీ తీసుకుంటే ఇంజనీరింగు వైపు. స్నేహితుడు చేరాడని చేరితే రెండేళ్ల తర్వాత వెనక్కి రావడం కష్టం. పదో తరగతి మార్కులతోనే సీటు ఇచ్చే ట్రిపుల్ ఐటీలు 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలయ్యాయి. పదిహేను, పదహారేళ్ల వయసులోనే కాలేజీలో చేరి, ఆరేళ్లలో ఇంజనీరై బయటికి రావచ్చు. ప్రభుత్వ బడుల పిల్లల మార్కులకు అక్కడ కొంత అదనం కలుపుతూ వచ్చారు. ఈ దారి ఉందని పదో తరగతి పరీక్షలయ్యాక తెలిస్తే లాభం తక్కువ, తొమ్మిదిలో తెలిస్తే పిల్లవాడు ఆ మార్కుల కోసం చదువుతాడు.

మూడో పని, భయం తగ్గించడం. ఈఏపీసెట్‌లో ఎస్టీ విద్యార్థులకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు, తప్పు జవాబుకు మార్కు పోదు. నీట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది, కానీ ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు. ఐఐటీల్లో కొద్దిలో సీటు తప్పిన ఎస్టీ విద్యార్థులకు ఏడాది సన్నాహక కోర్సు ఉంది. ఒక్క పరీక్షతో అంతా అయిపోయిందని హాస్టల్లో కుమిలిపోయే పిల్లలకు, ఇంటి నుంచి వచ్చిన తండ్రి పక్కన కూర్చుని, ఇంకో దారి ఉంది బిడ్డా అని సొంత మాటలో చెప్పడం పెద్ద బలం.

మధ్యలో నిలిచే మనిషి

మార్లవాయిలో బడికీ ఇంటికీ మధ్య మన మనిషి ఉన్నాడని చెప్పుకున్నాం. 2000లో వచ్చిన 3వ నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2004 ప్రాంతంలో గోండీ, కోయ, కొలామీ, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా భాషల్లో ప్రాథమిక చదువు చెప్పే ప్రయత్నం మొదలైంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 3వ నంబరు జీవోను కొట్టివేసింది. ఆ తీర్పును ఉద్యోగాల లెక్కలోనే చూస్తే సగమే చూసినట్టు. గ్రూపు అంటే ఏమిటో, కౌన్సెలింగ్ అంటే ఏమిటో తల్లికి ఆమె భాషలో చెప్పే మనిషి తగ్గిపోవడం మిగతా సగం.

ఆ ఖాళీని ఇప్పుడు మనం నింపాలి. కాలేజీలో ఉన్న ప్రతి గిరిజన విద్యార్థీ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తన గూడెంలో తొమ్మిది, పది చదివే పిల్లల ఇళ్లకు వెళ్లి, ఆ తల్లిదండ్రులతో ఒక పూట కూర్చుంటే చాలు. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన ఉండి, పరీక్ష కేంద్రానికి ఏ బస్సు ఎక్కాలో, ముందురోజు ఎక్కడ పడుకోవాలో చెప్పాలి. ఉపాధ్యాయులు మీటింగును పనిరోజున బడిలో పెట్టే బదులు వారపు సంత రోజున సంత దగ్గరే పెట్టి చూడండి. తల్లిదండ్రులు అక్కడికి ఎలాగూ వస్తారు. గోండీ, కోయ, సవర మాట్లాడగల ఒక్కరిని పక్కన ఉంచుకోండి. ఇప్పపువ్వు రాలకముందే, జనవరిలోనే, పరీక్షల తేదీలు వాళ్లకు చెప్పండి. ఏ వారం ఆకుకు పిలవకూడదో ముందే తెలిస్తే ఇల్లు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది.

సంత దగ్గర పెట్టిన ఆ మొదటి మీటింగులో ఎంతమంది వచ్చారో రాసి ఉంచండి. శ్రద్ధ లేదనే మాట మళ్లీ వినిపించినప్పుడు ఆ కాగితం చూపిద్దాం.