పొరుగువాడి చూపుకు హద్దు: పుదుచ్చేరి కిటికీ నుంచి డ్రోన్ దాకా

పుదుచ్చేరి పాత పట్టణాన్ని ఒక కాలువ రెండుగా చీలుస్తుంది. తూర్పున సముద్రం వైపు ఫ్రెంచివారి వాడ, పడమట తమిళుల వాడ. ఫ్రెంచి ఇంటికి వీధి పొడవునా ఎత్తైన ప్రహరీ, లోపల తోట. తమిళ ఇంటికి వీధివైపు అరుగు, లోపల ఆకాశానికి తెరిచిన ముంగిలి. మన మండువా లోగిలికి అది దగ్గరి చుట్టం. రూపంలో ఇంత తేడా ఉన్నా రెండింటి నిర్మాణం వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే. చూసేవాడు వీధిలోనో పక్కింట్లోనో ఉంటాడు తప్ప నెత్తిమీద ఉండడు. అందుకే గోడలు పక్కలకు లేచాయి. పైభాగాన్ని గాలికీ వెలుతురుకూ వదిలేశారు. ఆడవారు తల ఆరబెట్టుకున్నా, పెద్దలు మధ్యాహ్నం నడుం వాల్చినా ఆ తెరిచిన చోటే.

కెమెరా ఉన్న డ్రోన్ ఈ నమ్మకాన్ని పునాదితో సహా కదిలించింది. పక్కింటివారు సరదాకు ఎగరేసే యంత్రం మిద్దె మీదుగా వచ్చి ముంగిలి నడిమధ్య ఆగి నిలబడితే ఆ ఇంటివారు ఏ చట్టం చెప్పి అడ్డుకోవాలి? ఈ ప్రశ్న కొత్తదిగా కనిపిస్తుంది గాని, పొరుగువాడి చూపును చట్టం పట్టించుకోవడం కొత్త కాదు. పుదుచ్చేరిలోనైతే ఆ చూపును ఒకప్పుడు కొలబద్ద పెట్టి కొలిచారు.

1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతిని భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలకు వర్తింపజేస్తూ 1819 జనవరి 6న ఉత్తర్వు వెలువడింది. కులాచారాల విషయంలో దేశీయులకు వారి పాత కట్టుబాట్లే కొనసాగాయి. అయితే ఆ స్మృతిలో ఇరుగుపొరుగు ఆస్తుల గురించిన భాగంలో కొన్ని చిత్రమైన నిబంధనలున్నాయి. పొరుగువాడి స్థలాన్ని సూటిగా చూసే కిటికీ పెట్టాలంటే ఆ గోడకూ హద్దుకూ మధ్య 19 డెసిమీటర్ల దూరం ఉండాలి; అంటే ఆరడుగుల పైచిలుకు. పక్కవాటుగా చూసే కిటికీకి 6 డెసిమీటర్లు చాలు. హద్దును ఆనుకున్న సొంత గోడలో వెలుతురు కోసం కంత పెట్టుకోవచ్చు. కాని దానికి ఇనుప జల్లెడ, తెరవడానికి వీలులేని అద్దం బిగించాలి. కింది అంతస్తులో అది నేల నుంచి 26 డెసిమీటర్ల ఎత్తున, పై అంతస్తులో 19 డెసిమీటర్ల ఎత్తున ఉండాలి. నిలబడిన మనిషి కన్ను దానికి అందకూడదన్నది లెక్క.

ఈ నిబంధనల్లో గమనించవలసింది ఒకటుంది. కిటికీ పెట్టినవాడి ఉద్దేశం ఏమిటని చట్టం అడగలేదు. అతను తొంగిచూశాడా, ఎవరిని చూశాడు, ఎన్నిసార్లు చూశాడు అని సాక్ష్యం కోరలేదు. చూడటానికి వీలు కలిగించడమే హద్దు మీరడమని తేల్చి, దూరాన్ని అంకెల్లో చెప్పింది. బాధితుడు తన ఇంటి మర్యాదను కోర్టులో విప్పి చూపవలసిన అవసరం లేదు. కొలత టేపు చాలు.

ఆ పట్టణం పొలిమేర దాటి బ్రిటిష్ ఇండియాలో అడుగుపెడితే కథ మారిపోయేది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 18వ సెక్షన్ స్థానిక ఆచారాన్ని గౌరవించింది. ఫలానా ఊళ్ళో పొరుగింటి గోప్యతకు గణనీయంగా భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఉంటే దానిని హక్కుగా పరిగణించవచ్చని ఉదాహరణగా చెప్పింది. 1888లో అలహాబాద్ హైకోర్టు గోకల్ ప్రసాద్ కేసులో అలాంటి ఆచారాన్ని గుర్తించింది. కాని అది పరదా పాటించే ఉత్తరాది మాట. మద్రాసు న్యాయస్థానాలు మాత్రం ఆ శతాబ్దంలో మరో దారి పట్టాయి. పొరుగువాడు కిటికీ తెరవడం దావా వేయదగిన తప్పు కాదు, అభ్యంతరమైతే నీ స్థలంలో నువ్వు అడ్డుగోడ కట్టుకో అన్నది వాటి ధోరణి. గోడ ఎత్తగలిగినవాడికి గోప్యత, ఎత్తలేనివాడికి సర్దుబాటు. ఆకాశం నుంచి దిగే చూపుకు ఈ ‘గోడ కట్టుకో’ సిద్ధాంతం ఎంత దూరం పనికొస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కిటికీల సంగతి అలా ఉండగా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి మరో రకం పొరుగు చూపును చవిచూసింది. ఈసారి పొరుగువాడు ఒక సామ్రాజ్యం. 1908లో సుబ్రహ్మణ్య భారతి, 1910 ఏప్రిల్ 4న అరవింద ఘోష్, అదే ఏడాది వి.వి.ఎస్. అయ్యర్ ఆ ఫ్రెంచి పట్టణంలో తలదాచుకున్నారు. అరవిందులకు మొదటి ఆరు నెలలు ఆశ్రయమిచ్చింది శంకర చెట్టి ఇంటి పై అంతస్తు. ఆ వీధిని నాడు కోమటి వీధి అనే పిలిచేవారు. హద్దు దాటి వచ్చి అరెస్టు చేసే అధికారం బ్రిటిష్ పోలీసులకు లేదు. చూసేందుకు మాత్రం అడ్డేమీ లేదు. సీఐడీ మనుషులు పట్టణంలోనే మకాం వేసి ఇళ్ళకు ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో రాసుకున్నారు. 1911 జూన్ 17న మణియాచ్చి రైల్వే జంక్షనులో కలెక్టర్ ఆష్ హత్య జరిగాక ఆ నిఘా మరింత బిగిసింది. వారి అనుమానం పూర్తిగా నిరాధారమని కూడా అనలేము. ఆష్‌ను కాల్చిన వాంచినాథన్‌కు అయ్యర్‌తో పరిచయముంది. ప్రతి నిఘాకూ దాని సమర్థన దానికి ఉంటుంది.

1912లో అయ్యర్ ఇంటి బావిలో నీళ్ళు తోడుతున్న పనిమనిషికి ఒక డబ్బా దొరికింది. అందులో కాళికా చిత్రాలు, విప్లవ రచనలు. ఎవరో కావాలనే వేసి, తర్వాత సోదా చేయించి పట్టించే పన్నాగమని అర్థమైంది. డబ్బాను కాల్చేయడమో పాతిపెట్టడమో సులువైన దారి. అరవిందుల సలహా మీద వారు ఆ పని చేయలేదు. తామే వెళ్ళి ఫ్రెంచి పోలీసులకు అప్పగించారు. తరువాత ఫిర్యాదు మీద మేజిస్ట్రేట్ నాందో అరవిందుల ఇల్లు సోదా చేయడానికి వచ్చాడు. ఆయనకు అక్కడ లాటిన్, గ్రీకు పుస్తకాలు కనిపించాయి. అనుమానంతో వచ్చినవాడు గౌరవంతో వెళ్ళాడు. ఫిర్యాదు చేసిన వ్యక్తి బ్రిటిష్ ఇండియాకు జారుకున్నాడు. ఆ తరువాతి ఏడాది అరవిందుల ఇంట్లోనే ఉంటున్న బీరేంద్రనాథ్ రాయ్ తాను సీఐడీ మనిషినని స్వయంగా ఒప్పుకున్నాడు.

ఈ ఉదంతాన్ని దేశభక్తి గాథగా చెప్పుకోవడం అలవాటు. ఇంటి గోప్యత కోణం నుంచి చూస్తే మరొకటి తెలుస్తుంది. ఆ ఇంటివారిని గోడలు కాపాడలేదు. నమ్మిన మనిషే లోపల కూర్చొని చూశాడు. వారిని కాపాడినవి రెండు. దొరికినదాన్ని దాచకుండా ముందుగా తామే అధికారి దృష్టికి తెచ్చి నమోదు చేయించడం ఒకటి. వచ్చినవాడు చట్టానికి జవాబుదారీగా ఉన్న మేజిస్ట్రేటు కావడం రెండు. వీధిలో నిలబడి చూసేవాడిపై మాత్రం వారికి ఏ హక్కూ లేకపోయింది. గడప దాటితేనే తప్పు, గడప బయటి నుంచి ఎంత చూసినా తప్పు కాదు.

స్వతంత్ర భారత న్యాయవ్యవస్థ కూడా చాలాకాలం ఆ గడప దగ్గరే ఆగింది. ఉత్తరప్రదేశ్ పోలీసుల నిఘా నిబంధనలపై ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పింది. అర్ధరాత్రి తలుపు తట్టి ఇంట్లోకి రావడాన్ని కొట్టేసిన మెజారిటీ న్యాయమూర్తులు, ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా కాయడంలో తప్పు చూడలేదు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ జె.సి. షాతో కలిసి విభేదించారు. ఎప్పుడూ ఒక కన్ను తనపై ఉందని తెలిసిన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదన్నది ఆయన వాదన సారం. నిబంధన మొత్తం రాజ్యాంగ విరుద్ధమని ఆయన తేల్చారు. ఆ మైనారిటీ అభిప్రాయం సరైనదని ఒప్పుకోవడానికి దేశానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది. పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన రోజది.

అయితే ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వంపై చెల్లుతుంది. పక్కింటివారి డ్రోన్ మీద చెల్లవలసింది మామూలు చట్టం. ఆ చట్టం విమానాల కోసం రాసింది. సహేతుకమైన ఎత్తులో విమానం ఎగిరినంత మాత్రాన అతిక్రమణ అంటూ సివిల్ దావా వేయరాదని 1934 నాటి విమాన చట్టం 17వ సెక్షన్ చెప్పింది. ఇంగ్లండులో బెర్న్‌స్టీన్ ప్రభువు తన ఇంటిని గాలిలోంచి ఫొటో తీసిన కంపెనీ మీద వేసిన దావా 1977లో వీగిపోయింది. భూమి నాదైతే ఆకాశమంతా నాదేనన్న పాత సూత్రానికి హద్దు పడింది. కాని ఆ న్యాయమూర్తే ఒక తలుపు తెరిచి ఉంచారు: ఒక్క ఫొటో వేరు, ఇంటిపై నిరంతరం నిఘా పెట్టి ప్రతి కదలికనూ చిత్రించడం వేరు, అది పీడ కిందికి రావచ్చు.

మన డ్రోన్ నిబంధనలు ఈ తలుపు వైపు చూడలేదు. 2021 మార్చిలో వచ్చిన నిబంధనల్లో వ్యక్తుల, వారి ఆస్తుల గోప్యతను కాపాడాలన్న మాట ఉంది. వాటి స్థానంలో అదే ఏడాది ఆగస్టు 25న వచ్చిన సరళీకృత నిబంధనల్లో అది కనిపించదు. ఇవి బరువు కొలుస్తాయి: 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో. ఎత్తు కొలుస్తాయి: గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం నుంచి దూరం కొలుస్తాయి: 8 కిలోమీటర్ల లోపల ఎగరేయాలంటే ముందస్తు అనుమతి కావాలి. లాస్‌పేట విమానాశ్రయం దగ్గర్లోనే ఉన్నందున పుదుచ్చేరివాసికి ఈ చివరి నిబంధన అక్కరకు రావచ్చు. అంటే అతని ముంగిలికి రక్షణ వచ్చేది అది ఇల్లు అయినందుకు కాదు, రన్‌వేకు దగ్గరగా ఉన్నందుకు. కెమెరా ఎవరి ఇంటివైపు తిరిగిందన్న ప్రశ్న ఏ గడిలోనూ లేదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటాన్ని, చిత్రించడాన్ని నేరంగా చెబుతుంది. అంతకు తక్కువైన చొరబాటుకు అది అందదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వ్యక్తిగత, గృహ అవసరాల వాడకాన్ని తన పరిధి నుంచి తప్పించింది.

తెలుగు రాజకీయాలు ఈ లోటును రెండుసార్లు బట్టబయలు చేశాయి. 2019 ఆగస్టులో కృష్ణా వరదల వేళ ఉండవల్లిలో ప్రతిపక్ష నేత చంద్రబాబు నివాసంపై డ్రోన్ ఎగిరినప్పుడు తెలుగుదేశం భద్రత గురించి నిలదీసింది. వరద అంచనా కోసమే ఎగరేశామని ప్రభుత్వం చెప్పింది. 2020 మార్చిలో జన్వాడ ఫామ్‌హౌస్‌పై అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయించారన్న అభియోగంతో అప్పటి ఎంపీ రేవంత్ రెడ్డి అరెస్టయి చర్లపల్లి జైలుకు వెళ్ళారు. అది కేటీఆర్‌దని కాంగ్రెస్ ఆరోపణ, తనది కాదని ఆయన జవాబు. మొదటి ఘటనలో డ్రోన్ ప్రజాప్రయోజనం, రెండో ఘటనలో డ్రోన్ నేరం. ఎగరేసినవారు అధికారంలో ఉన్నారా, ప్రతిపక్షంలో ఉన్నారా అన్నదాన్ని బట్టి పార్టీల వాదనలు మారాయి. ఇంటిపై నుంచి ఎంతవరకు చూడవచ్చన్న అసలు ప్రశ్నను ఏ పక్షమూ చట్టసభకు తీసుకుపోలేదు.

పెద్దల ఇళ్ళపై డ్రోన్ ఎగిరితే పోలీసులు కదులుతారు, పత్రికలు రాస్తాయి. మామూలు గృహస్థుకు మిగిలింది 1912 నాటి దారే. ముందు పొరుగువారితో మాట్లాడాలి. ఫలితం లేకపోతే తేదీ, సమయం, యంత్రం ఎంతసేపు ఎక్కడ నిలిచిందీ రాసిపెట్టి, వీలైతే వీడియో తీసి, రాతపూర్వకంగా పోలీసులకు ఫిర్యాదు చేయాలి. రిజిస్ట్రేషన్, అనుమతి ఉన్నాయా అని అడిగించాలి. పీడ పదేపదే కొనసాగితే నిషేధ ఉత్తర్వు కోసం సివిల్ కోర్టుకు వెళ్ళాలి. యంత్రాన్ని రాయితో కొట్టి కూలిస్తే బాధితుడే నిందితుడయ్యే ప్రమాదముంది.

ఇదంతా ఓపిక, ఖర్చు ఉన్నవారి దారి. పౌరస్మృతి రాసినవారు ఆ భారాన్ని బాధితుడి మీద పెట్టలేదు. పొరుగువాడి మనసులో ఏముందో తేల్చడం కష్టమని తెలిసి, కిటికీకీ హద్దుకూ మధ్య దూరాన్ని నిర్ణయించారు. ఇతరుల నివాసంపై వారి సమ్మతి లేకుండా కెమెరా డ్రోన్ ఎంత ఎత్తుకు దిగువన ఎగరరాదో, ఎంతసేపు నిలవరాదో ఒక్క నిబంధనలో అంకెల్లో చెప్పడం పార్లమెంటుకు అసాధ్యమేమీ కాదు. బరువుకూ, జోన్‌కూ, రన్‌వేకూ అంకెలు రాసిన చేతులే ఇంటికి కూడా ఒక అంకె రాయవచ్చు.